పాత మోటారుబండిలో విద్యుద్దోషము – దాని జాడ తీసిన చరిత్ర

మోటారుబండి త్రోవలో ఆగిపోవుటకు కారణములు అనేకములు. చక్రములో గాలి పోయినచో కంటికి కనబడును. నీరు మరిగినచో ఆవిరి లేచును. నూనె కారినచో నేలపై మరక పడును. పెట్రోలు అడుగంటినదో లేదో పుల్ల ముంచి చూడవచ్చును. విద్యుత్తు మాత్రము అట్టిది కాదు. అది ప్రవహించునప్పుడును కనబడదు. ప్రవాహము నిలిచినప్పుడును కనబడదు. తీగె పైకి చెక్కుచెదరక యుండును, లోపల తెగి యుండవచ్చును. మర బిగువుగానే యున్నట్లు తోచును, దాని క్రింద చిలుము పట్టి యుండవచ్చును. అందుచేతనే యంత్రములు బాగుచేయువారిలో సయితము విద్యుద్దోషమనగానే జంకువారు కలరు.

రోగి లోపలి సంగతి వైద్యుడు నాడి పట్టి తెలిసికొనును. లక్షణమును చూచి కారణమును ఊహించును. పరీక్ష చేసి ఆ ఊహను నిలుపుకొనును, లేదా విడిచిపుచ్చును. బండిలోని విద్యుద్దోషమును పట్టుటయు ఇట్టి విద్యయే. ఈ విద్య ఎచ్చట పుట్టినది, ఎవరి చేతులలో పెరిగినది, నేటికి ఏ స్థితికి వచ్చినది అను విషయము ఈ ప్రసంగమున చెప్పదలచితిని. ఉదాహరణకు అమెరికాలో పుట్టిన ‘పికప్పు’ బండిని తీసికొందము. ముందు నడపువాని గది, వెనుక సరకు వేసికొను తెరపి తొట్టి గల చిన్నబండి అది. రైతులును, చిల్లర వర్తకులును, చేతిపనివారును దానిపై ఆధారపడి బ్రతికిరి. అట్టి బండి ఒక ఉదయమున కదలకపోయినచో ఆనాటి సంపాదన పోయినట్లే. కనుక దోషమును త్వరగా, తక్కువ వ్యయముతో పట్టుట వారికి వినోదము కాదు, జీవనము.

ఈ విద్యకు పుట్టినిల్లు మోటారుబండి కాదు, తంతివార్తల తీగె. 1827లో జర్మను శాస్త్రజ్ఞుడు గేయోర్గ్ ఓమ్ ఒక సూత్రమును ప్రకటించెను. తీగెలో ప్రవాహమెంతయో, ఆ ప్రవాహమును నెట్టు ఒత్తిడి యెంతయో, దానిని అడ్డగించు నిరోధమెంతయో, ఈ మూటికిని లెక్క కలదని దాని సారాంశము. ఈ సూత్రము పాఠశాల గోడలు దాటి పనివాని చేతికి వచ్చినది సముద్రగర్భమున తంతితీగెలు పరచిన కాలమున. 1858లో అట్లాంటిక్ మహాసముద్రము అడుగున వేసిన మొదటి తీగె కొన్ని వారములు మాత్రమే పనిచేసి మూగవోయెను. రెండువేల మైళ్ళ నీటి క్రింద తెగిన చోటు ఏదో కంటితో వెదకుట యెట్లు? ఒడ్డున కూర్చుండి తీగె నిరోధమును కొలువవలెను. మైలుకు ఇంత నిరోధమని ముందే తెలిసియుండును గనుక, కొలతను దానితో భాగించినచో దోషము ఎన్ని మైళ్ళ దూరమున నున్నదో తేలును. చూడకయే లెక్కచే చోటు చెప్పు ఈ పద్ధతియే తరువాత మోటారుబండికి సంక్రమించినది.

మోటారుబండి యంత్రమునకు విద్యుత్తుతో బాంధవ్యము ఆదినుండియు కలదు. 1860లో పారిస్‌లో ఎతియెన్ లెన్వార్ నిర్మించిన గ్యాసు యంత్రమున బ్యాటరీయు కాయిలును విద్యుత్కణమును పుట్టించి వాయువును మండించెను. 1886లో కార్ల్ బెంజ్ హక్కుపత్రము పొందిన మూడుచక్రముల బండియు ఈ మార్గమునే అనుసరించెను. రెండేండ్ల పిమ్మట, 1888 ఆగస్టులో, ఆయన భార్య బెర్తా బెంజ్ తన కుమారు లిద్దరిని వెంటబెట్టుకొని మన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు, అనగా నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము, ఆ బండిమీద పోయెను. త్రోవలో ఇంధనపు గొట్టము పూడుకొనగా టోపీకి గ్రుచ్చుకొను సూదితో దానిని శుభ్రపరచెను. కాయిలునుండి పోవు తీగెపై తొడుగు ఒరసికొని పోయి, విద్యుత్తు లోహమునకు తగిలి వ్యర్థమగుచుండగా, తన మేజోడు పట్టీని దానికి తొడుగుగా చుట్టెను. మోటారుబండి చరిత్రలో తొలి దూరప్రయాణము ఇదియే. దారిలో ఒక విద్యుద్దోషమును గుర్తించి బాగుచేసిన తొలి వృత్తాంతములలోను ఇదియే ప్రసిద్ధము. ఆ పని చేసినది ఒక గృహిణి. తీగె ఒరసికొని లోహమునకు తగులు దోషమును మన మెకానిక్కులు ‘షార్టు’ అందురు. నూట ముప్పదియేండ్లు గడచిన పిమ్మటను పాతబండ్లను వేధించు దోషములలో అది పెద్దపీట వదలలేదు.

బ్యాటరీలు ఆ రోజులలో త్వరగా నీరసించునవి. అందుచే, బ్యాటరీ లేకయే యంత్రపు భ్రమణముతో విద్యుత్తు పుట్టించు ‘మాగ్నెటో’ ప్రచారమునకు వచ్చెను. జర్మనీలో రాబర్ట్ బాష్ కర్మశాలయందు గాట్లోబ్ హోనోల్డ్ అను ఇంజనీరు 1902లో అధికపీడనపు మాగ్నెటోను సిద్ధపరచెను. 1908లో హెన్రీ ఫోర్డు విడుదల చేసిన ‘మోడల్ టి’ బండి మరియొక తెరువు త్రొక్కినది. దాని ఫ్లైవీలు చుట్టును పదునారు అయస్కాంతములు బిగించియుండెను. యంత్రము తిరుగగా అవియు తిరిగి విద్యుత్తు పుట్టించెడివి. ఆ విద్యుత్తు నడపువాని యెదుటనున్న కొయ్యపెట్టెలోని నాలుగు కాయిళ్ళకు పోవును. ఒక్కొక్క కాయిలు ఒక్కొక్క సిలిండరునకు కణము నిచ్చును. ప్రతి కాయిలుమీదను ఒక సన్నని లోహపు రేకు తుమ్మెదవలె రొదచేయుచు కంపించుచుండును.

ఈ రొదయే దోషమును చెప్పు భాష అయ్యెను. యంత్రము కుంటుచు నడచునప్పుడు, అనగా నాలుగింట ఒక సిలిండరు పనిచేయనప్పుడు, నడపువాడు పెట్టె మూత తీసి, ఒక్కొక్క రేకును వ్రేలితో అదిమి పట్టును. అదిమినంతనే యంత్రపు నడక మరింత చెడినచో ఆ సిలిండరు అంతవరకు పనిచేయుచున్నదన్నమాట. అదిమినను మార్పేమియు లేనిచో దొంగ అచ్చటనే యున్నాడు. పిమ్మట ఆ కాయిలును పెరికి, ప్రక్క కాయిలుతో స్థానము మార్చును. దోషము కాయిలుతోపాటు ప్రక్క సిలిండరునకు వలసపోయినచో కాయిలే చెడినది. కాయిలు మారినను దోషము ఉన్నచోటనే యున్నచో ప్లగ్గును గాని, తీగెను గాని, విద్యుత్తును వంతులవారీగా పంచు ‘టైమరు’ను గాని పరీక్షింపవలెను. ఏ పనిముట్టును లేకయే, వ్రేలును చెవియు మాత్రమే సాధనములుగా, బడి యెరుగని రైతు సయితము ఈ పరీక్ష చేసెడివాడు. అనుమానితులను ఒక్కొక్కరినే విడదీసి విచారించుట, స్థానములు మార్చి చూచుట అను రెండు సూత్రములు ఇందు ఇమిడియున్నవి. వీనిని మించిన సూత్రము ఈ విద్యయందు నేటికిని లేదు.

ఈ మోడల్ టి బండికే 1925లో ఫోర్డు కంపెనీ సరకు తొట్టిని కర్మాగారమునందే అమర్చి 281 డాలర్లకు అమ్మెను. అంతకు పూర్వము రైతులు బండి వెనుకభాగమును తామే కోసి కొయ్యతొట్టిని బిగించుకొనెడివారు. ఫోర్డు సిద్ధపరచి యిచ్చిన తొలి పికప్పు ఇదియే. దీని ముందు దీపములు మాగ్నెటో విద్యుత్తుతో వెలుగునట్టివైనచో ఒక చిక్కు కలదు. యంత్రము వేగముగా తిరిగిన దీపము ప్రకాశించును, నెమ్మదించిన మసకబారును. గతుకుల దారిలో నెమ్మదిగా పోవలసినప్పుడే వెలుతురు తగ్గిపోవును. ఇది దోషము కాదు, నిర్మాణ స్వభావము. దోషమునకును స్వభావమునకును భేదము తెలియుట దోషాన్వేషకుని మొదటి పాఠము.

ఇంతలో మరియొక గొప్ప మార్పు జరిగినది. హ్యాండిలు త్రిప్పి యంత్రమును లేపుట కష్టమే గాక ప్రమాదకరము. ఒక్కొక్కప్పుడు హ్యాండిలు వెనుకకు తన్ని చేతులు విరిగెడివి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున డేటన్ నగరవాసియైన చార్లెస్ కెట్టరింగ్ దీనికి విరుగుడు కనిపెట్టెను. ఆయన అంతకుముందు దుకాణములలో సొమ్ము లెక్కపెట్టు యంత్రములకు విద్యుత్ మోటారు నమర్చిన వాడు. మోటారు క్షణకాలము మాత్రమే పనిచేయవలసినచో, చిన్న మోటారు మీదనే దాని శక్తికి మించిన భారము వేయవచ్చునని అచ్చట గ్రహించెను. ఆ యూహతోనే నిర్మించిన సెల్ఫ్ స్టార్టరు 1912 కాడిలాక్ బండ్లకు అమరెను. నేడును మనవారు బండిని లేపుటను ‘సెల్ఫు కొట్టుట’ అందురు. ఆ తెలుగుమాట వెనుక కెట్టరింగ్ యోచన దాగియున్నది.

సెల్ఫు రాకతో బ్యాటరీ బండికి గుండెకాయ అయ్యెను. బ్యాటరీ స్టార్టరును త్రిప్పును. స్టార్టరు యంత్రమును లేపును. యంత్రము డైనమోను త్రిప్పును. డైనమో మరల బ్యాటరీని నింపును. సౌఖ్యము హెచ్చినది, దానితో దోషములకు తావులును హెచ్చినవి. ఒకచోటి దోషము మరియొకచోట లక్షణముగా బయటపడసాగెను. ఉదయమున సెల్ఫు తిరుగకపోవుటకు కారణము స్టార్టరు కాకపోవచ్చును. నిన్నటి పగలెల్ల పనిచేయక ఊరకున్న డైనమో కావచ్చును.

దీనికి తోడు లోహకాయపు సంగతి. బండిలో ప్రతి దీపమునకును రెండు తీగెలు వేయుట ఖర్చు. అందుచే ఒక తీగెను మాత్రమే వేసి, తిరుగుదారికి బండి ఇనుప చట్రమునే వాడుకొందురు. దీనినే ‘ఎర్తు’ అందురు. బండి క్రొత్తదిగా నున్నన్నాళ్ళు ఈ ఏర్పాటు చక్కగా సాగును. ఇరువదియేండ్లు గడచిన పిమ్మట చట్రమునకు త్రుప్పు పట్టును, మరల క్రింద రంగు చేరును, మురికి పేరుకొనును. పోవు దారి బాగుగానే యుండును, తిరుగుదారి మూసికొనిపోవును. పాతబండిలో అంతుచిక్కని దోషములలో చాలభాగమునకు మూలము ఈ ఎర్తునందే కలదు. ఒక దీపము వెలిగించినచో మరియొక దీపము మినుకుమినుకు మనుట, హారను మ్రోగించినచో లోపలి దీపము తగ్గుట మొదలగు వింతలన్నియు సాధారణముగా ఈ కోవకు చెందినవే. తన దారి మూసికొనిపోగా విద్యుత్తు పొరుగువాని దారిన పోవజూచును.

1948లో ఫోర్డు కంపెనీ విడుదల చేసిన ‘ఎఫ్-1’ పికప్పు ఈ కాలపు బండ్లకు మంచి ప్రతినిధి. దానిది ఆరు వోల్టుల బ్యాటరీ. ధనధ్రువము ఎర్తునకు కలిపియుండును. అదే కాలపు షెవర్లే బండ్లలో ఋణధ్రువము ఎర్తునకు కలిపియుండెను. ఈ భేదము నెరుగక బ్యాటరీని తారుమారుగా బిగించి చెరుపు చేసినవారు పలువురు. అట్టి బండి యొక ఉదయమున లేవలేదనుకొందము. తెలిసిన మెకానిక్కు చేయి పెట్టుటకు ముందు చూడవలసినది దీపములు. ముందు దీపములు వెలిగించి, వానిని చూచుచు సెల్ఫు నొక్కించును. దీపములు ఏమాత్రము తగ్గక యథాతథముగా వెలుగుచు, స్టార్టరు ఉలుకుపలుకు లేక యున్నచో, విద్యుత్తు స్టార్టరు వరకు పోవుటయే లేదు. స్విచ్చిలోనో దాని తీగెలోనో త్రోవ తెగినది. దీపములు బాగుగా తగ్గి, స్టార్టరు మూలుగుచు తిరిగినచో బ్యాటరీ నీరసించినది, లేదా యంత్రమే బిగిసికొని యున్నది. నొక్కినంతనే దీపములు పూర్తిగా ఆరిపోయి, విడిచినంతనే మరల వెలిగినచో, బ్యాటరీ బిగింపు వద్ద చిలుము పట్టినదని మొదట అనుమానింపవలెను. ఒక్క పైసా ఖర్చు లేని ఈ పరీక్ష మూడు వేర్వేరు దారులను విడదీసి చూపును.

ఆరు వోల్టుల బండిలో బిగింపులు ఇంత ముఖ్యమగుటకు కారణము లెక్కలో కలదు. స్టార్టరు లాగు ప్రవాహము 200 ఆంపియర్లనుకొందము. ఒక బిగింపు వద్ద నిరోధము ఓములో నూరవ వంతు మాత్రమే కలదనుకొందము. ఓమ్ సూత్రము చొప్పున అచ్చట 2 వోల్టులు ఖర్చైపోవును. ఆరింట రెండు పోగా స్టార్టరునకు మిగులునది నాలుగే. పోయిన రెండు వోల్టులు ఊరక పోవు. 400 వాట్ల వేడిగా మారి ఆ బిగింపునే కాల్చును. కావున కొన్ని క్షణములు సెల్ఫు త్రిప్పిన పిమ్మట బిగింపులను చేతితో తాకి చూచుట పాత మెకానిక్కుల అలవాటు. ఏది వేడెక్కినదో అదియే నేరస్థుడు. దీనినే వోల్టుమీటరుతో మరింత కచ్చితముగా చేయవచ్చును. మీటరు రెండుకొనలను బిగింపునకు ఇరువైపుల ఆనించి సెల్ఫు నొక్కినచో, మంచి బిగింపు వద్ద ముల్లు ఇంచుమించు కదలదు, చెడ్డ బిగింపు వద్ద లేచును. ప్రవాహము లేనప్పుడు ఈ పరీక్ష చేయుట వ్యర్థము. చిలుము పట్టిన బిగింపు సయితము అప్పుడు మంచిదిగానే నటించును. పనిలో నున్నప్పుడే లోపము బయటపడును. పన్నెండు వోల్టుల బండికై చేసిన సన్నని కేబులును ఆరు వోల్టుల బండికి తగిలించి, స్టార్టరు బరువుగా తిరుగుచున్నదని క్రొత్త స్టార్టరు కొన్నవారి కథయు ఈ లెక్కలోనిదే.

డైనమో సంగతి వేరు. దానికి ఇద్దరు కాపలాదారులు. మొదటివాడు ‘కటౌటు’. డైనమో ఒత్తిడి బ్యాటరీ ఒత్తిడిని మించినప్పుడు వాడు తలుపు తెరచును, తగ్గినప్పుడు మూయును. వాడు నిద్రించి తలుపు తెరచియే యుంచినచో, యంత్రము ఆగిన పిమ్మట బ్యాటరీలోని విద్యుత్తు డైనమోలోనికి వెనుకకు పారి, తెల్లవారునప్పటికి బ్యాటరీ ఖాళీయగును, తీగెలును కాలవచ్చును. రెండవవాడు ‘రెగ్యులేటరు’. బ్యాటరీ నిండుకొలది ధారను తగ్గించుట వాని పని. వాడు తప్పినచో బ్యాటరీ ఉడికి నీరు త్వరగా ఇగిరిపోవును. మాటిమాటికి డిస్టిల్డు వాటరు పోయవలసివచ్చుట బ్యాటరీ దోషము కాదు, రెగ్యులేటరు దోషమని తెలిసినవారు చెప్పుదురు. ఈ వ్యవహారమంతటికిని సాక్షి నడపువాని యెదుటనున్న అమ్మీటరు. దాని ముల్లు ఏ ప్రక్కకు ఎంత ఒరుగునో నిత్యము గమనించువానికి దోషము రాకమునుపే తెలియును. డైనమోను క్రొత్తగా మార్చినప్పుడు దానికి బ్యాటరీ విద్యుత్తును ఒక్క క్షణము తాకించి ధ్రువములను దిద్దుట మరువరాదు. మరచినచో అది తారుమారుగా విద్యుత్తు పుట్టించి కటౌటు పాయింట్లను మాడ్చివేయును.

ఇక జ్వలనము. బ్యాటరీనుండి వచ్చు ఆరు వోల్టులను వేలకొలది వోల్టులుగా పెంచునది కాయిలు. కాయిలులోని ప్రవాహమును సరియైన క్షణమున త్రెంచునవి పాయింట్లు. త్రెంచునప్పుడు పాయింట్ల నడుమ మంట లేవకుండ కాచునది కండెన్సరు. ఎనిమిది సిలిండర్ల యంత్రము నిమిషమునకు మూడువేల చుట్లు తిరిగినచో క్షణమునకు, అనగా ఒక సెకనునకు, రెండువందల కణములు పుట్టవలెను. ఈ లెక్క చూచినప్పుడు ఆ చిన్నపాయింట్లు అరుగుటలో వింతలేదు, అంతకాలము నిలుచుటయే వింత. కండెన్సరు దోషము మాత్రము మాయలమారిది. చల్లగా నున్నప్పుడు సరిగా పనిచేయును. వేడెక్కగానే యంత్రము ఆగును. అరగంట చెట్టునీడను నిలిపినచో మరల బుద్ధిగా నడచును. ఇంటి యొద్ద పరీక్షించునప్పుడు దోషమే కనబడదు. కాయిలును ఇట్లే వేధింపవచ్చును. కాబట్టి దోషమును వెదకునప్పుడు ‘ఎప్పుడు?’ అను ప్రశ్న ‘ఏమి?’ అను ప్రశ్నకంటె ముఖ్యము. వేడిలోనా, తడిలోనా, గతుకులలోనా? 1932లో వచ్చిన ఫోర్డు వి-8 యంత్రమున డిస్ట్రిబ్యూటరు ముందుభాగమున క్రిందుగా నుండెడిది. తడి చేరి యంత్రము ఆగుట దానికి అపకీర్తి తెచ్చెను. 1948 పికప్పులలో దానిని పైకి మార్చిరి. తడిసినప్పుడే ఆగు బండిని ఎండలో పరీక్షించి లాభమేమి?

రేడియో గల గృహస్థులకు ఈ కథలో ఒక ప్రత్యేక సంబంధము కలదు. హెర్ట్జ్ 1887లో విద్యుత్కణమును పుట్టించియే రేడియో తరంగములను కనుగొనెను. మోటారుబండి ప్లగ్గునందు పుట్టునదియు అట్టి కణమే. కావున ప్రతి పాతబండియు అల్పప్రమాణమున ఒక ప్రసార కేంద్రము. వీధిలో పాతబండి పోవునప్పుడు మన రేడియోలో చిటపటలు వినబడుట అందువలననే. రేడియో తరంగములపై పరిశోధన చేసిన ఆలివర్ లాడ్జ్ కుమారులు మోటారు ప్లగ్గుల వ్యాపారము చేయుట ఈ బాంధవ్యమునకు మరియొక నిదర్శనము. 1930లో అమెరికాలో గాల్విన్ సంస్థ ‘మోటరోలా’ అను పేర బండిలో అమర్చు రేడియోను విడుదల చేసినప్పుడు మొదట ఎదురైన శత్రువు బండి యొక్క యీ చప్పుడే. ప్లగ్గు తీగెలలో నిరోధకములను, డైనమోకు కండెన్సరును బిగించి దానిని అణచిరి.

అయితే శత్రువే గూఢచారియు అయ్యెను. బండి రేడియోలోని చప్పుడును వినియే దోషమున్న చోటు చెప్పవచ్చునని మెకానిక్కులు కనుగొనిరి. యంత్రపు వేగముతోపాటు హెచ్చు ‘టిక్కుటిక్కు’ శబ్దము జ్వలనమునకు సంబంధించినది. వేగముతోపాటు స్వరము పెంచుకొను సన్నని ఈల డైనమో బ్రష్షులది. గతుకులలో మాత్రమే వినబడు కరకర శబ్దము వదులైన బిగింపుదో, ఎర్తుదో. బండి వేగముగా పోవుచుండగా క్లచ్చి నొక్కి తాళము త్రిప్పి జ్వలనమును ఆపినచో మొదటి శబ్దము తక్షణమే మాయమగును. రెండవది యంత్రము నెమ్మదించుకొలది దిగజారును. యంత్రము పూర్తిగా ఆగినను చక్రములు తిరుగుచున్నంతసేపు నిలిచియున్నచో అది చక్రముల ఒరపిడివలన పుట్టిన విద్యుత్తుది. పాటలు వినుటకు కొన్న యంత్రము ఈ విధముగా రోగపరీక్ష సాధనమయ్యెను.

సాధనములలో ముఖ్యమైనది 1923లో ఇంగ్లండున వెలువడిన అవోమీటరు. అచ్చటి తపాలాశాఖలో ఇంజనీరుగా నుండిన డొనాల్డ్ మెకాడీ, ఆంపియరు, వోల్టు, ఓము ఈ మూడు కొలతలకు మూడు మీటర్లు మోయలేక, మూటిని ఒక పెట్టెలో ఇమిడ్చెను. తంతిశాఖవారి విద్య మోటారు షెడ్డునకు చేరుటలో ఇదియొక మెట్టు. అయినను సామాన్యునకు అంతటి మీటరు అవసరము లేదు. ఒక చిన్న దీపము, రెండు తీగెలు చాలును. రాత్రి నిలిపిన బండికి తెల్లవారునప్పటికి బ్యాటరీ ఖాళీయగుచున్నచో, బ్యాటరీ కేబులు ఒకటి విప్పి, ఆ సందున దీపమును తగిలింపవలెను. అన్నియు ఆపియున్నను దీపము వెలిగినచో ఎచ్చటనో దొంగచాటుగా విద్యుత్తు పోవుచున్నది. పిమ్మట ఒక్కొక్క ఫ్యూజు, ఫ్యూజు లేనిచో ఒక్కొక్క తీగె, విప్పుచు పోవలెను. దేనిని విప్పగా దీపము ఆరునో ఆ శాఖయందే లోపము. మాటిమాటికి మాడిపోవు ఫ్యూజు స్థానమునను ఇట్టి దీపమునే పెట్టి వెదకవచ్చును. ఎన్ని ఫ్యూజులను బలిపెట్టనక్కరలేదు. ఫ్యూజు మాడుచున్నదని దానికి మారుగా లావుపాటి తీగె చుట్టుట మాత్రము బండికి నిప్పు పెట్టుటయే.

1955లో షెవర్లే పికప్పులును, 1956లో ఫోర్డు పికప్పులును పన్నెండు వోల్టులకు మారెను. వోల్టులు రెట్టింపైనచో అదే పనికి ప్రవాహము సగమగును. తీగెలో వ్యర్థమగు శక్తి నాలుగవ వంతునకు తగ్గును. 1960లో క్రైస్లర్ కంపెనీ తన వాలియంట్ బండికి డైనమో బదులు ఆల్టర్నేటరు నమర్చెను. సిలికన్ డయోడులే తలుపు కాచునవి కావున కటౌటు అవసరము తీరెను. మన దేశమునను ఈ విద్యకు తగిన పరిశ్రమ లేచినది. బొంబాయిలో జనరల్ మోటార్సువారు 1928లో బండ్లను జతపరచు కర్మాగారము నెలకొల్పిరి. 1951లో బెంగుళూరున మైకో సంస్థ వెలసినది. 1961లో మద్రాసున లూకాస్-టి.వి.యస్. సంస్థ మోటారు విద్యుత్ పరికరములకై ఏర్పడినది. తెలుగునాట మెకానిక్కుల నోట డైనమో, సెల్ఫు, ఎర్తు, కటౌటు అను మాటలు తెలుగుమాటలై స్థిరపడినవి.

పిదప యంత్రమును కనిపెట్టియుండు పని గణకయంత్రమునకు అప్పగింపబడెను. 1996 నుండి అమెరికాలో అమ్ము ప్రతి కారునందును చిన్న ట్రక్కునందును, లోపము కలిగినప్పుడు ఒక అక్షరముతోను నాలుగు అంకెలతోను సంకేతము నిచ్చు ఏర్పాటు తప్పనిసరి అయ్యెను. ‘పి 0301’ అని వచ్చినచో మొదటి సిలిండరు సరిగా మండుట లేదని అర్థము. ఇది గొప్ప సౌకర్యమే. కాని ఆ సంకేతము రోగలక్షణమును చెప్పును గాని కారణమును చెప్పదు. చెడినది ప్లగ్గా, కాయిలా, తీగెయా, ఎర్తా? దానిని నిర్ణయించుటకు తెలిసిన మెకానిక్కు ఏమిచేయును? మొదటి సిలిండరు కాయిలును రెండవదానితో స్థానము మార్చి, బండిని నడిపి, మరల సంకేతమును చదువును. అది ‘పి 0302’ గా మారినచో కాయిలే చెడినదని తేల్చును. నూరేండ్లనాడు మోడల్ టి కొయ్యపెట్టె మూత తీసిన రైతు చేసిన పనియు ఇదియే గదా!

ఈ విద్యను తెలిసినవానికిని తెలియనివానికిని భేదము డబ్బు రూపమున బయటపడును. తెలియనివాడు అనుమానము కలిగిన ప్రతి భాగమును మార్చును. బ్యాటరీ మార్చును, స్టార్టరు మార్చును, డైనమో మార్చును. తుదకు రెండు రూపాయల చిలుము గోకుటతో బండి లేచును. ఆ నష్టమును మోయునది బండి యజమాని. అతడు బీదవాడైనచో కొందరు బండినే అమ్ముకొనవలసి వచ్చును. పనికివచ్చు వస్తువును పాతసామాను చేయునది త్రుప్పు ఒక్కటియే కాదు, ఓపికతో వెదకు అలవాటు తగ్గుటయు నందుకు కారణమే. సాధనములు మారినవి, వోల్టులు మారినవి, ధ్రువములు మారినవి. ఓమ్ చెప్పిన లెక్క మారలేదు. దోషము ఎప్పుడు కనబడునో అడుగుము, దారిని రెండుగా విభజించి చూడుము, ఒకమారు ఒక్కదానినే మార్చుము అను మూడుమాటలు మారలేదు. ఈ మూడును చేతనైనవానికి పాతబండి బరువు కాదు, ఇంటి మనిషివంటిది.